ఆవును చూసే కన్నుతో కుక్కనూ చూడండి

పుంగనూరు చుట్టుపక్కల చూడి ఆవు ఉన్న ఇంటికి వెళ్ళి "ఇది ఎప్పుడు ఈనుతుంది?" అని అడిగి చూడండి. ఆ ఇంటి అవ్వ జవాబు చెప్పడానికి ఒక్క నిమిషం కూడా తీసుకోదు. "పొదుగు నిండింది, తోక మొదలుకు రెండు పక్కలా గుంటలు పడ్డాయి, రేపో ఎల్లుండో" అంటుంది. ఆ రాత్రి కొట్టంలో దీపం ఆర్పరు. ఇరుగుపొరుగు వాళ్ళు కూడా ఒకసారి వచ్చి చూసి పోతారు.

ఇప్పుడు అదే వీధిలో తిరిగే కుక్క గురించి అడగండి. అది చూడిదో కాదో కూడా ఎవరూ చెప్పలేరు. గడ్డివాము కింద నుంచో, మూతపడిన అంగడి మెట్ల కింద నుంచో సన్నని అరుపులు వినిపించిన తరువాతనే "అరె, కుక్క ఈనింది!" అనుకుంటారు.

ఆవు చూపే గుర్తుల కన్నా కుక్క చూపే గుర్తులు తక్కువా? ఎంతమాత్రం కాదు. చూసే అలవాటు మనకు లేదు, అంతే. ఆవు పాలిస్తుంది, దూడ ఇంటికి ఆస్తి. కుక్క ఈనితే ఎవరికి లాభం? అందుచేత దానివైపు కన్నెత్తి చూడం. ఇది సరికాదని నా అభిప్రాయం. కుక్క ఎప్పుడు ఈనబోతున్నదో గుర్తుపట్టడం ప్రతి విద్యార్థీ నేర్చుకోదగ్గ విద్య. దానివల్ల తల్లి ప్రాణం, పిల్లల ప్రాణాలు నిలుస్తాయి. ఒక్కొక్కసారి మీ వీధిలోని చిన్నపిల్లల ప్రాణాలు కూడా నిలుస్తాయి. అదెలాగో చూద్దాం.

చిత్తకార్తె లెక్క

మొదట రోజుల లెక్క చూద్దాం. గర్భంలో పిల్ల పెరిగే కాలాన్ని గర్భావధి అంటారు. ఆవుకు ఇది సుమారు 280 రోజులు, మేకకు సుమారు 150 రోజులు. కుప్పం, పలమనేరు ప్రాంతాల కౌండిన్య అభయారణ్యంలో తిరిగే ఏనుగుకైతే దాదాపు 22 నెలలు. కుక్కకు మాత్రం సుమారు 63 రోజులే, అంటే తొమ్మిది వారాలు.

అయితే కుక్కలు జతకట్టిన రోజును క్యాలెండరులో గుర్తు పెట్టుకొని 63 లెక్కపెడితే సరిపోతుందా? సరిపోదు. మగకుక్క శుక్రకణాలు ఆడకుక్క శరీరంలో చాలా రోజులు బతికి ఉండగలవు. అండాలు విడుదలైన తరువాత కూడా అవి పక్వానికి రావడానికి మరో రెండు రోజులు పడుతుంది. అందుచేత జతకట్టిన రోజుకూ గర్భం నిలిచిన రోజుకూ మధ్య తేడా ఉంటుంది. జతకట్టిన నాటి నుంచి లెక్కిస్తే కుక్క 57వ రోజున ఈనవచ్చు, 72వ రోజున కూడా ఈనవచ్చు. కాబట్టి క్యాలెండరు సుమారు కాలాన్ని చెబుతుంది గాని రోజును చెప్పలేదు. రోజు తెలుసుకోవాలంటే కుక్కనే గమనించాలి.

వీధికుక్క విషయంలో ఆ సుమారు కాలమైనా ఎలా తెలుస్తుంది? జతకట్టిన తేదీని ఎవరు రాసిపెడతారు? ఇక్కడ మన పెద్దల మాట ఒకటి పనికివస్తుంది. "చిత్తకార్తె కుక్క" అనే మాట మీరు వినే ఉంటారు. దాన్ని తిట్టుగా వాడతారు గాని, దాని వెనుక ఒక మంచి పరిశీలన ఉంది. మన రైతులు సంవత్సరాన్ని 27 కార్తెలుగా విభజిస్తారు. చిత్తకార్తె అక్టోబరు 10, 11 తేదీల ప్రాంతంలో మొదలై సుమారు రెండు వారాలు ఉంటుంది. నైరుతి వానలు వెనుదిరిగే ఆ కాలంలో ఊరకుక్కలు ఎక్కువగా జతకడతాయని మన పూర్వులు కనిపెట్టారు. మిగతా నెలల్లో జతకట్టవని కాదు, అప్పుడు ఎక్కువ అని అర్థం.

అక్టోబరు 11కు 63 రోజులు కలపండి. డిసెంబరు 13 వస్తుంది. అక్టోబరు 23కు కలిపితే డిసెంబరు 25. అంటే మన వీధికుక్కలలో చాలా భాగం నడి చలికాలంలో ఈనుతాయన్న మాట.

మదనపల్లెలో చదువుకునే వారికి డిసెంబరు చలి గురించి చెప్పనక్కరలేదు. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊరది. అక్కడి వాతావరణం రోగులకు మంచిదనే 1915లో ఊరికి దగ్గరలో, ఆరోగ్యవరంలో, క్షయరోగుల ఆసుపత్రి ప్రారంభించారు. అయితే పెద్దలకు హాయినిచ్చే ఆ చల్లదనం అప్పుడే పుట్టిన కుక్కపిల్లకు ప్రాణాంతకం. చలివేస్తే మనం వణుకుతాం. కండరాలు అలా కదలడం వల్ల ఒంట్లో వేడి పుడుతుంది. మొదటి వారంలో కుక్కపిల్లకు ఆ వణకడం కూడా చేతకాదు. తల్లి పొట్ట వెచ్చదనమే దానికి దిక్కు. తడి కాలువ గట్టున పుట్టిన పిల్లకూ, పొడి గోనెపట్టా మీద పుట్టిన పిల్లకూ మధ్య తేడా చావుకూ బతుకుకూ మధ్య తేడా కావచ్చు. ఆ గోనెపట్టా సకాలంలో వేయాలంటే కుక్క ఈనబోతున్నదని ముందుగా తెలియాలి కదా!

ఒళ్ళు చెప్పే గుర్తులు

చూడి కట్టి ఐదు వారాలు దాటితే కుక్క పొట్ట పెరగడం కనిపిస్తుంది. చివరి రెండు వారాలలో చన్నులు ఉబ్బి, రంగు తేరి, కిందికి వేలాడతాయి. కుక్క పక్కకు తిరిగి పడుకొని ఉన్నప్పుడు డొక్కలో పిల్లలు కదలడం కొంత దూరం నుంచే చూడవచ్చు. ఈనడానికి ఒకటి రెండు రోజుల ముందు కొన్నింటికి పాలు కూడా పడతాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చూడి కట్టని కుక్కకు కూడా ఈ గుర్తులలో కొన్ని కనిపించవచ్చు! ఎందుచేత? గర్భాన్ని నిలిపి ఉంచే హార్మోను ప్రొజెస్టిరోన్. కుక్క ఒకసారి ఎదకు వచ్చిన తరువాత, గర్భం నిలిచినా నిలవకపోయినా, దాని అండాశయాలు సుమారు రెండు నెలల పాటు ఈ హార్మోనును తయారుచేస్తూనే ఉంటాయి. ఆ కాలం ముగిసేటప్పుడు కొన్ని కుక్కలకు పొట్టలో ఏమీ లేకపోయినా చన్నులు ఉబ్బుతాయి, పాలు వస్తాయి. అవి నేలను గోకి గుంట చేస్తాయి. పాత చెప్పునో గుడ్డబొమ్మనో పక్కన పెట్టుకొని పిల్లను కాచినట్లు కాస్తాయి. దీన్ని అబద్ధపు చూలు అనవచ్చు. ఇది రోగం కాదు, సాధారణంగా కొద్ది వారాలలో దానంతట అదే తగ్గిపోతుంది.

దీని నుంచి మనం నేర్చుకోవలసిన పాఠం ఒకటి ఉంది. ఏ ఒక్క గుర్తునూ పట్టుకొని తీర్పు చెప్పకూడదు. రోజుల లెక్క, పొట్ట, చన్నులు, నడవడి, ఈ నాలుగూ ఒకే మాట చెబుతున్నాయా అని చూడాలి. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞులు చేసేది కూడా ఇదే.

థర్మామీటరు ఏమి చెబుతుంది?

ఇంట్లో పెంచుకునే మచ్చికైన కుక్క అయితే మరో మంచి గుర్తు ఉంది. అదే శరీర ఉష్ణోగ్రత. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ (38.3 నుంచి 39.2 డిగ్రీల సెంటీగ్రేడు) ఉంటుంది. ఈనడానికి సుమారు 12 నుంచి 24 గంటల ముందు అది 99 డిగ్రీలకు (37.2 సెంటీగ్రేడుకు), లేదా ఇంకా కిందికి పడిపోతుంది. మరికొన్ని గంటలకు మళ్ళీ పెరుగుతుంది.

ఎందుకు పడిపోతుంది? ప్రొజెస్టిరోన్ గర్భాన్ని నిలిపి ఉంచడమే కాక ఒంటి వేడిని కొద్దిగా పెంచి ఉంచుతుంది. ఈనడానికి ఒక రోజు ముందు రక్తంలో ఆ హార్మోను గబగబా తగ్గిపోతుంది. దానితో వేడి తగ్గుతుంది. అంతవరకు కదలకుండా ఉన్న గర్భాశయపు కండరాలకు కట్టు విడిపోయి అవి ముడుచుకోవడం మొదలుపెడతాయి. అవే నొప్పులు.

మరి ఆ సమయం వచ్చిందని నిర్ణయించేది ఎవరు? తల్లా, పిల్లలా? 1960లలో న్యూజిలాండుకు చెందిన లిగ్గిన్స్ అనే వైద్యుడు గొర్రెల మీద చేసిన ప్రయోగాలు ఈ ప్రశ్నకు ఆశ్చర్యకరమైన జవాబు ఇచ్చాయి. కడుపులో ఉన్న పిల్ల మెదడు కింది పీయూష గ్రంథిని పనిచేయకుండా చేస్తే, నెలలు నిండినా గొర్రె ఈనలేదు. కడుపులోని పిల్లకు కార్టిసోల్ అనే హార్మోనును ఎక్కిస్తే నెలలు నిండకుండానే ఈనింది. అంటే "నేను సిద్ధం" అని మొదట చెప్పేది పిల్లే! కుక్కలలోనూ ఇటువంటి ఏర్పాటే ఉందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

థర్మామీటరును వాడే పద్ధతి కూడా తెలుసుకోవాలి. చివరి వారంలో రోజుకు రెండు మూడు సార్లు, ప్రతిరోజూ అవే వేళల్లో, మలద్వారం దగ్గర పెట్టి చూడాలి. ఈ పని పెద్దలు చేయాలి, మీరు అంకెలు రాయండి. పాదరసపు థర్మామీటరు విరిగితే ప్రమాదం కనుక అంకెలు కనిపించే డిజిటల్ రకం వాడండి. ఒక్కసారి చూసిన అంకె ఏమీ చెప్పదు. వారం రోజుల అంకెలు వరుసగా ఉంటేనే ఎప్పుడు పడిందో తెలుస్తుంది. వీధికుక్క దగ్గర మాత్రం ఈ ప్రయత్నం ఎన్నడూ చేయవద్దు. దాని నడవడిని దూరం నుంచి చూస్తే చాలు.

ఆ రోజు వచ్చిందంటే

నొప్పులు మొదలయ్యే రోజున కుక్క తిండి మానవచ్చు. ఎంతో ఇష్టంగా తినే అన్నాన్ని కూడా వాసన చూసి వదిలేస్తుంది. ఒక చోట నిలవదు. లేస్తుంది, పడుకుంటుంది, మళ్ళీ లేస్తుంది. చలిలో కూడా నాలుక చాపి రొప్పుతుంది, వణుకుతుంది. ఒక్కొక్కసారి కక్కుకుంటుంది. వెనక్కి తిరిగి తన డొక్కను చూసుకుంటుంది, వెనుక భాగాన్ని నాకుకుంటుంది. చీకటి మూల వెతికి నేలను గోకుతుంది. ఇంటికుక్క అయితే గోనెలను, పాత చీరలను చింపి పోగుపెడుతుంది. కొన్ని కుక్కలు మనిషిని వదలక వెంట తిరుగుతాయి, కొన్ని ఎవరి కంటా పడకుండా దాక్కుంటాయి.

ఇది మొదటి దశ. సాధారణంగా 6 నుంచి 12 గంటలు ఉంటుంది, మొదటిసారి ఈనే కుక్కకు ఇంకా ఎక్కువ పట్టవచ్చు. బయటికి ఏమీ జరుగుతున్నట్లు కనిపించదు గాని లోపల గర్భాశయ ద్వారం మెల్లగా తెరుచుకుంటూ ఉంటుంది.

రెండవ దశలో కుక్క పొట్ట కండరాలు బిగించి ముక్కడం కనిపిస్తుంది. పిల్ల పలుచని సంచిలో చుట్టుకొని బయటికి వస్తుంది. తల్లి ఆ సంచిని చింపి, బొడ్డుతాడు కొరికి, పిల్లను గరగర నాకుతుంది. మనకు మోటుగా కనిపించినా ఆ నాకుడు వల్లనే పిల్ల ఊపిరి అందుకుంటుంది. ఆ తరువాత కొద్దిసేపటికి మాయ పడుతుంది. తల్లి దాన్ని తినివేయడం సహజమే, అసహ్యించుకోనక్కరలేదు. ఇలా ఒక్కొక్క పిల్లా, ఒక్కొక్క మాయా వస్తాయి. పిల్లకూ పిల్లకూ మధ్య పావుగంట పట్టవచ్చు, గంట కూడా పట్టవచ్చు.

ఆవులను చూసి నేర్చుకున్న జ్ఞానం ఇక్కడ ఒక విషయంలో మనలను తప్పుదారి పట్టిస్తుంది. దూడకు ముందు రెండు ముంగాళ్ళూ, వాటి మీద ముట్టీ రావాలి. వెనుక కాళ్ళు ముందు వస్తే రైతు కంగారు పడతాడు, అది న్యాయమే. కుక్కలలో మాత్రం పదింటిలో సుమారు నాలుగు పిల్లలు వెనుక కాళ్ళు ముందుగానే పుడతాయి. అది మామూలే. కనుక "పిల్ల అడ్డం తిరిగింది" అంటూ ఎవరైనా చేయి పెట్టి లాగబోతే ఆపండి.

ఎప్పుడు వైద్యుణ్ణి పిలవాలి?

చాలా కుక్కలు ఎవరి సాయమూ లేకుండానే ఈనుతాయి. మనం దగ్గరకు పోకుండా ఉండడమే మనం చేసే సాయం. అయితే కొన్ని సందర్భాలలో ఊరక చూస్తూ ఉండడం తప్పు. అవి ఇవి:

1. గట్టిగా ముక్కుతూ అరగంట గడిచినా పిల్ల రాకపోవడం.

2. ఇంకా పిల్లలు ఉన్నట్లు తెలుస్తున్నా రెండు గంటలు దాటినా తరువాతి పిల్ల రాకపోవడం.

3. మొదటి పిల్ల పుట్టకముందే ముదురు ఆకుపచ్చని ద్రవం కారడం. కుక్క మాయ అంచులో ఆకుపచ్చని వర్ణద్రవ్యం ఉంటుంది. పిల్లతోపాటు ఆ రంగు కనిపిస్తే భయం లేదు. పిల్ల రాకముందే కనిపించిందంటే మాయ లోపలే ఊడిపోయిందని అర్థం, అప్పుడు లోపలి పిల్లకు ప్రాణవాయువు అందదు.

4. ఒంటి వేడి పడిపోయి 24 గంటలైనా నొప్పులు మొదలు కాకపోవడం, లేదా జతకట్టి 72 రోజులు దాటిపోవడం.

5. రక్తం ఎక్కువగా పోవడం, చెడువాసన రావడం, తల్లి లేవలేకుండా సొమ్మసిల్లడం.

ఇటువంటప్పుడు దగ్గరలోని పశువుల ఆసుపత్రికి వెంటనే తెలియజేయండి. సంచార పశువైద్య వాహనాల కోసం 1962 అనే ఉచిత ఫోను నంబరు ఉంది. దాన్ని మీ నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. ఎవరో చెప్పారని ఆక్సిటోసిన్ సూది వేయించడం మాత్రం చేయవద్దు. ఆ మందు గర్భాశయాన్ని బలంగా బిగిస్తుంది. లోపల దారి మూసుకొని ఉన్నప్పుడు ఆ బిగింపుకు గర్భాశయం చిరిగిపోవచ్చు. దాన్ని ఎప్పుడు వేయాలో, ఎంత వేయాలో వైద్యుడే నిర్ణయించాలి.

ఈనిన తరువాత కూడా ఒక ప్రమాదం ఉంది. కుప్పం వైపు సంకరజాతి పాడి ఆవులను మేపే ఇళ్ళలో "పాలజ్వరం" బాగా తెలిసిన మాట. ఈనిన రెండు మూడు రోజులలోపు ఆవు రక్తంలోని కాల్షియం పాలలోకి పోయి, ఆవు కూలబడిపోతుంది, చెవులు చల్లబడతాయి. కుక్కకూ ఇదే కష్టం వస్తుంది గాని, ఎక్కువగా ఈనిన రెండు వారాల నుంచి నాలుగు వారాల మధ్య వస్తుంది. అప్పుడు కుక్క రొప్పుతుంది, కాళ్ళు బిగుసుకుపోతాయి, ఒళ్ళు వణికి మూర్ఛ వస్తుంది, చల్లబడడానికి బదులు ఒళ్ళు కాలిపోతుంది. పిచ్చెక్కిందనుకొని కొట్టి చంపే ప్రమాదం కూడా ఉంది. వైద్యుడు కాల్షియం ఎక్కిస్తే కొద్దిసేపటికే తేరుకోగలదు.

"ఉన్న కుక్కలు చాలవా?"

ఇంతవరకు చదివి మీలో కొందరు "వీధుల్లో ఇప్పటికే కుక్కలు ఎక్కువయ్యాయి, కరుస్తున్నాయి. వాటి పురుడు సంగతి మనకెందుకు?" అని అడగవచ్చు. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. దీనికి సూటిగా జవాబు చెప్పాలి.

మొదటి సంగతి. కుక్కల సంఖ్య తగ్గాలంటే అవి చూడి కట్టకముందే శస్త్రచికిత్స చేయించాలి. ఇందుకోసం కేంద్ర ప్రభుత్వం 2001లో నియమాలు చేసింది, 2023లో వాటి స్థానంలో కొత్త నియమాలు తెచ్చింది. పుట్టిన పిల్లలను సంచిలో వేసి ఊరి బయట పారేయడం సంఖ్యను తగ్గించే మార్గం కాదు. తల్లి అక్కడే ఉంటుంది, మళ్ళీ ఎదకు వస్తుంది. ఈ ఏడు ఈనిన కుక్క ఏదో మీ వీధికి తెలిస్తే, పిల్లలు పాలు మానిన తరువాత దానికి శస్త్రచికిత్స చేయించమని మునిసిపాలిటీనో పంచాయతీనో అడగవచ్చు. తెలియకపోతే ఏ కుక్క గురించి అడుగుతారు?

రెండవ సంగతి. కోల్‌కతాలోని భారతీయ విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థకు చెందిన అనిందితా భద్రా, ఆమె సహచరులు వీధికుక్కలను ఏళ్ళ తరబడి గమనించారు. 2016లో ప్రకటించిన ఫలితాల ప్రకారం వారు చూసిన 364 పిల్లలలో పెద్దవై పిల్లలను కనే వయసుకు చేరినవి నూటికి 19 మాత్రమే. చనిపోయిన వాటిలో నూటికి 63 చావులకు ఏదో ఒక విధంగా మనుషులే కారణం. అయినా తల్లికుక్కలు ఈనడానికి మనుషులకు దగ్గరగా ఉండే చోట్లనే ఎంచుకుంటాయని కూడా వారి పరిశీలనలో తేలింది. కనుక మన మెట్ల కింద కుక్క ఈనడం విడ్డూరం కాదు. ఆ చోటును అది కోరి ఎంచుకున్నది.

మూడవ సంగతి అన్నిటికన్నా ముఖ్యం. పిల్లల తల్లి అయిన కుక్క మామూలుగా ఎంత సాధువైనా, పిల్లల దగ్గరకు ఎవరైనా వస్తే కరుస్తుంది. ముద్దుగా ఉన్న కుక్కపిల్లను ఎత్తుకోవాలని ముందుగా పరుగెత్తేది ఎవరు? ఐదారేళ్ళ పిల్లలే. కుక్క రెండు రోజులుగా ఫలానా అరుగు కింద నేలను గోకుతున్నదని మీరు గమనిస్తే, ఈనకముందే ఆ ఇంటి వారిని హెచ్చరించవచ్చు. "ఆ వైపు చిన్నపిల్లలను పోనివ్వకండి" అనే ఒక్క మాట ఒక కాటును తప్పిస్తుంది.

కాటు అంటే రేబిస్ మాట తలచుకోక తప్పదు. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ మొదటిసారి ఈ టీకా వేసింది జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాలుడికి. ఆ బాలుడు బతికాడు. నాటికీ నేటికీ మారని సంగతి ఒకటి ఉంది: రోగలక్షణాలు కనిపించిన తరువాత దాదాపు ఎవరూ బతకరు, ముందుగా టీకా వేయించుకుంటే దాదాపు అందరూ బతుకుతారు. కనుక కుక్క కరిచినా, కుక్కపిల్ల పన్ను గీరినా, సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, కాఫీపొడి వంటివి పెట్టవద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. బొడ్డు చుట్టూ సూదులు వేసే కాలం పోయింది, ఇప్పుడు చేతికే వేస్తారు. తిడతారని భయపడి ఇంట్లో చెప్పకుండా దాచడమే పెద్ద ప్రమాదం.

మీరు చేయగల పని

మీ తరగతిలో నలుగురు కలిసి ఒక నోటుపుస్తకం పెట్టండి. మీ వీధిలో తిరిగే ఆడకుక్కలను రంగును బట్టి, మచ్చలను బట్టి గుర్తించి రాయండి. చిత్తకార్తె మొదలైన నాడు తేదీ వేయండి. నవంబరు చివర నుంచి వారానికి రెండుసార్లు పొట్ట, చన్నులు, నడవడి చూసి రాయండి. ఎప్పుడూ పది అడుగుల దూరం నుంచే చూడండి, తాకవద్దు. ఏ కుక్క ఏ మూలను గోకుతున్నదో తెలియగానే పెద్దలకు చెప్పి, వారి చేత ఆ దగ్గరలో పొడి గోనెపట్టా ఒకటి, నీళ్ళ చిప్ప ఒకటి పెట్టించండి. వాన పడకుండా ఒక రేకు ముక్క ఆనిస్తే మరీ మంచిది. తరువాత అందరూ అవతలికి వచ్చేయండి.

పిల్లలు పుట్టిన తేదీ, వేళ, సంఖ్య రాసుకోండి. మొదటి రోజు జున్నుపాలలో రోగాలను ఎదుర్కొనే శక్తి ఉంటుంది కాబట్టి ఆ రోజు తల్లిని కదిలించకుండా చూడడం మరీ అవసరం. సుమారు రెండు వారాలకు పిల్లల కళ్ళు తెరుచుకుంటాయి. మీ లెక్కలో ఎన్నో రోజున తెరుచుకున్నాయో రాయండి. ఎవరైనా పెంచుకుంటామని అడిగితే ఎనిమిది వారాలు నిండేవరకు ఆగమని చెప్పండి. మూడు నెలలకు రేబిస్ టీకా వేయించాలని కూడా చెప్పండి.

కొన్నేళ్ళు ఇలా రాస్తే పెద్దల చిత్తకార్తె లెక్క మీ వీధిలో ఎంతవరకు నిజమో మీకే తెలుస్తుంది. మదనపల్లె పిల్లల లెక్కనూ కుప్పం పిల్లల లెక్కనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకా బాగుంటుంది. దీనికి సూక్ష్మదర్శిని అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. వచ్చే అక్టోబరు 10న నోటుపుస్తకం మొదటి పేజీలో మీ వీధి పేరు రాసి మొదలుపెట్టండి.